రేవు నగరం విశాఖ: పర్యాటకం, భద్రత

భిలాయ్ సెక్టర్ 2లోనూ, ఉక్కునగరంలోని ఇతర సెక్టర్లలోనూ నివసించే తెలుగు కుటుంబాలకు సముద్రమంటే చాలా వరకు విశాఖపట్నమే. కర్మాగారం తొలి దశాబ్దాల్లో ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్ళినవారి రెండో తరం, మూడో తరం ఇప్పుడు అక్కడ ఉంది. వేసవి సెలవులకు స్వస్థలం వెళ్ళేటప్పుడో, సింహాచలం మొక్కు తీర్చుకునేటప్పుడో వారు విశాఖలో దిగుతారు. 2024 సెప్టెంబరు 16న ప్రారంభమైన దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ రైలుతో రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా సాగే ఈ ప్రయాణం సుమారు ఎనిమిది గంటలకు తగ్గింది. ఉదయం దుర్గ్‌లో బయలుదేరినవారు సాయంకాలానికి బీచ్ రోడ్డులో ఉండగలరు. రెండు నగరాల మధ్య బంధం ప్రయాణికులతోనే ముగియదు. విదేశాల నుంచి వచ్చే కోకింగ్ బొగ్గులో కొంత భాగం విశాఖ తీరంలోని రేవుల్లో దిగి, రైలుపెట్టెల్లో భిలాయ్ చేరుతుంది.

విశాఖ ఒకే తీరం మీద రేవుగా, తూర్పు నౌకాదళ కేంద్రంగా, విహారస్థలంగా జీవిస్తున్న నగరం. అందువల్ల అక్కడ భద్రత అనే మాటకు రెండు అర్థాలున్నాయి. దేశపు ఆస్తిని, రహస్యాన్ని కాపాడే భద్రత ఒకటి. వచ్చిన మనిషి క్షేమంగా తిరిగి ఇంటికి చేరే భద్రత మరొకటి. మొదటిదానికి నౌకాదళం, తీర రక్షక దళం, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, మెరైన్ పోలీసులు, వీటన్నిటి వెనుక చట్టం ఉన్నాయి. రెండోదానికి ఒడ్డున ఈలతో నిలబడే జీవరక్షకుడు, ఇసుకలో పాతిన హెచ్చరిక బోర్డు ఉన్నాయి. పర్యాటకుల ప్రాణాలు పోతున్నది ఎక్కువగా ఈ రెండో చోటనే.

కొండ చాటు రేవు

విశాఖ రేవుకు ప్రకృతి ఇచ్చిన రక్షణ డాల్ఫిన్స్ నోస్ కొండ. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఈ కొండ చాటున, మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట లోపలి రేవును తవ్వారు. 1933 అక్టోబరు 7న సింధియా సంస్థకు చెందిన ‘జలదుర్గ’ నౌక తొలిసారిగా ఇందులో ప్రవేశించింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించారు. రేవు ముఖద్వారం వద్ద మూడు చిన్న కొండల మీద వేంకటేశ్వరుని ఆలయం, ఇషాక్ మదీనా దర్గా, రాస్ హిల్ చర్చి పక్కపక్కనే కనిపిస్తాయి. నౌకలు లోపలికి రావడాన్ని చూసేందుకు నగరంలో వీటికి మించిన చోటు లేదని స్థానికులు చెబుతారు.

రేవు వచ్చిన తొమ్మిదేళ్ళకే యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. స్వాతంత్ర్యానంతరం 1968 మార్చి 1న తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడి విశాఖ దానికి కేంద్రమైంది. 1971 యుద్ధంలో డిసెంబరు 3–4 తేదీల మధ్య రాత్రి పాకిస్థాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖ తీరానికి చేరువలో మునిగిపోయింది. భారత నౌకాదళం ప్రయోగించిన డెప్త్ చార్జీల వల్లనే అది మునిగిందని ఇక్కడివారి వాదన. లోపలి పేలుడు వల్లనో, అది పెట్టిన మందుపాతర వల్లనో మునిగిందని ఆవలివారి వాదన. శకలాలు మాత్రం నేటికీ అదే సముద్ర గర్భంలో ఉన్నాయి. బీచ్ రోడ్డులోని ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకాన్ని 1996లో నెలకొల్పారు.

ఆ యుద్ధస్మృతే తరువాతి కాలంలో నగర పర్యాటకానికి మూలధనమైంది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి 31 ఏళ్ళు సేవలందించి 2001 ఫిబ్రవరి 27న విరమించింది. దానిని ఆర్.కె. బీచ్ ఇసుకలోకి లాగి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరిచారు. 91 మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో నెలల తరబడి నావికులు ఎలా పడుకున్నారో, ఏం తిన్నారో చూసి పిల్లల కన్నా పెద్దలే ఎక్కువ ఆశ్చర్యపోతారు. రోడ్డుకు అవతల టీయూ–142 నిఘా విమాన ప్రదర్శనశాల ఉంది. దానిని 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. సోవియట్ సహకారంతోనే పుట్టిన భిలాయ్ నుంచి వచ్చినవారికి ఈ రెండింటి ముందూ ఒక పరిచిత భావం కలగడం సహజం.

చూపేది, చూపనిది

విరమించిన జలాంతర్గామిని టికెట్టు కొని చూడవచ్చు. సేవలో ఉన్నవాటి దరిదాపులకు మాత్రం వెళ్ళడానికి వీల్లేదు. దేశంలో నిర్మించిన తొలి అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జులై 26న జలప్రవేశం చేసింది విశాఖలోనే. నగరంలో గోడలు, కంచెలు, ‘ఫొటోలు తీయరాదు’ అన్న బోర్డులు అన్ని చోట్ల ఎందుకున్నాయో ఈ ఒక్క సంగతి చాలు వివరించడానికి. నౌకాదళ డాక్‌యార్డు, ఆయుధాగారాలు, రాడార్ కేంద్రాలు 1923 నాటి అధికార రహస్యాల చట్టం నిర్వచనంలో ‘నిషిద్ధ స్థలాలు’. నగర విమానాశ్రయం కూడా నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగా వైమానిక స్థావరంలోనే ఉంది. అందువల్ల రన్‌వే, అక్కడ నిలిచిన సైనిక విమానాలు కెమెరాకు నిషిద్ధాలు. డ్రోన్ల విషయం మరింత కఠినం. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే వాటిని ఎగరేయకూడదు. పెళ్ళి ఫొటోల కోసం, విహారయాత్ర వీడియోల కోసం డ్రోన్ తెచ్చేవారు ముందుగా డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ మండలంలో ఉందో చూసుకోవడం మేలు.

ఈ జాగ్రత్త అతిగా అనిపించేవారు 2019 నాటి కేసును గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం, కేంద్ర సంస్థలు కలిసి ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరిట ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేశాయి. సామాజిక మాధ్యమాల్లో మహిళల పేర్లతో పరిచయం పెంచుకున్న పాకిస్థాన్ ఏజెంట్లకు నౌకల కదలికల వివరాలు చేరవేశారన్నది అభియోగం. కేసు జాతీయ దర్యాప్తు సంస్థకు వెళ్ళింది. ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్ వంటి మాధ్యమాలను నిషేధించింది. సొంత నావికుడి చేతి ఫోన్‌నే అనుమతించని చోట, సందర్శకుడి ఫోన్‌ను చూసి కాపలాదారుడు అడ్డుపడడంలో వింత లేదు.

రహస్యం, విహారం ఎప్పుడూ ఎదురుబొదురుగానే నిలబడలేదు. భీమిలి దారిలో సముద్రానికి అభిముఖంగా ఉన్న తొట్లకొండ బౌద్ధారామం 1970లలో వెలుగుచూసింది నౌకాదళ స్థావరం కోసం జరిపిన వైమానిక సర్వేలోనే. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి అక్కడ తవ్వకాలు జరిపింది. నేడు అది నగరం చూడవచ్చినవారు తప్పక వెళ్ళే చోటు. ఏటా నౌకాదళ దినోత్సవాల సందర్భంగా ఆర్.కె. బీచ్‌లో జరిగే విన్యాసాలకు లక్షల్లో జనం వస్తారు. 2024 నాటి ప్రధాన విన్యాసాలు పూరీలో జరగడంతో విశాఖలో అవి 2025 జనవరి 4న జరిగాయి. కొన్ని సందర్భాల్లో గుర్తింపు కార్డు చూపినవారిని యుద్ధనౌకల మీదికి కూడా అనుమతిస్తారు. కురుసుర, టీయూ–142లకు తోడు ఆ ఒక్క రోజు కోసమైనా ప్రయాణ తేదీని మార్చుకోవడం దండగ కాదు.

విహార నౌకలు వచ్చేసరికి ఈ రెండు లోకాలు ఒకే ద్వారం వద్ద కలుస్తాయి. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ నౌక విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై యాత్రకు బయలుదేరింది. 2023 సెప్టెంబరు 4న అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2024 ఏప్రిల్‌లో ‘ది వరల్డ్’ అనే విదేశీ నౌక అక్కడ లంగరు వేసింది. టెర్మినల్ ఉన్నది రేవు ఆవరణలోనే కనుక 2004 జులై 1 నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ నౌకా, రేవు భద్రతా నియమావళి దానికీ వర్తిస్తుంది. ప్రయాణికుడు విమానాశ్రయంలో మాదిరిగానే తనిఖీ దాటి వెళ్ళాలి.

2008 నవంబరులో ముంబయిపై దాడి చేసినవారు చేపల పడవలో వచ్చారు. ఆ తరువాత సముద్ర భద్రత మొత్తం బాధ్యతను నౌకాదళానికి అప్పగించి, తీరానికి చేరువలోని జలాలను మెరైన్ పోలీసులకు, ఆవలి జలాలను తీర రక్షక దళానికి పంచారు. మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు, పడవలకు నంబర్లు అప్పుడే వచ్చాయి. 2019లో మొదలైన ‘సీ విజిల్’ విన్యాసాలలో తీర రాష్ట్రాలన్నీ పాల్గొంటున్నాయి. ఇన్ని బలగాలు ఉన్నా, కొత్త పడవ కనిపించిందని తొలుత కబురందించేది సాధారణంగా జాలరిపేట మత్స్యకారుడే.

రేవు నగరాల భద్రత అనగానే ప్రపంచ వార్తల్లో మెక్సికో పేరు తరచుగా వినిపిస్తుంది. అక్కడి వెరాక్రూజ్ రేవులో నేరముఠాల ప్రాబల్యం ఎంత పెరిగిందంటే, 2011 డిసెంబరులో నగర పోలీసు దళాన్ని మొత్తంగా రద్దు చేసి నౌకాదళ సైనికులను వీధుల్లో నిలబెట్టారు. ఒకనాడు హాలీవుడ్ తారలు విడిది చేసిన అకపుల్కోకు ముఠాల హింసతో విదేశీ పర్యాటకులు దూరమయ్యారు. 2023 అక్టోబరు 25న ఓటిస్ హరికేన్ మిగిలిన హోటళ్ళను కూడా దెబ్బతీసింది. అక్కడ పర్యాటకులను కాపాడేందుకు నౌకాదళం నగరంలోకి రావలసి వచ్చింది. విశాఖలో నౌకాదళం ముందే ఉంది, దానిని చూసేందుకు పర్యాటకులు వచ్చారు. దొంగతనాలు, వేధింపులు విశాఖలో లేవని కాదు. కానీ బీచ్ రోడ్డులో రాత్రి పది గంటలకు కూడా కుటుంబాలు కూర్చుని మొక్కజొన్న పొత్తులు తినే నగరం ఇది. అకపుల్కోతో పోలిక కుదిరేది తుపాను దగ్గరే.

ఒడ్డున పొంచి ఉన్న ప్రమాదం

విశాఖ సముద్రం గోవా సముద్రం వంటిది కాదు. చాలా చోట్ల ఒడ్డు నుంచి కొద్ది అడుగులకే లోతు వస్తుంది. నడుము లోతు అనుకున్న చోట మరుక్షణం కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది. దానికి తోడు రిప్ కరెంట్. ఒడ్డుకు కొట్టిన కెరటాల నీరంతా ఎక్కడో ఒక చోట ఇరుకు పాయగా చేరి వేగంగా వెనక్కి పోతుంది. ఆ పాయ ఉన్న చోట కెరటాలు విరగవు. చూసేవారికి ఆ చోటే ప్రశాంతంగా, దిగడానికి అనువుగా కనిపిస్తుంది. ఈ ఒక్క భ్రమ వల్ల పోయినన్ని ప్రాణాలు విశాఖ తీరంలో మరే కారణం వల్లా పోలేదంటే అతిశయోక్తి కాకపోవచ్చు. ఆర్.కె. బీచ్, యారాడ, భీమిలి వైపు నుంచి విద్యార్థుల బృందాలు, పుట్టినరోజు జరుపుకోవడానికి వచ్చిన మిత్రులు గల్లంతైన వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి.

మునిగిపోయేవారిలో ఈత రానివారే కాదు, వచ్చినవారూ ఉంటారు. శివనాథ్ నదిలోనో, ఊరి చెరువులోనో నేర్చిన ఈత సముద్రంలో పెద్దగా అక్కరకు రాదు. నదిలో ప్రవాహం ఏ దిక్కుకు పోతోందో కంటికి కనిపిస్తుంది. సముద్రంలో అది నీటి అడుగున పనిచేస్తుంది. లాగుతున్న నీటికి ఎదురీది ఒడ్డుకు చేరాలని ప్రయత్నించే మనిషి నిమిషాల్లో అలసిపోతాడు. రిప్ కరెంట్ మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. అందువల్ల భయపడకుండా వెల్లకిలా తేలుతూ చేయెత్తి సాయం కోరాలి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం పక్కకు ఈది, ఆ ఇరుకు పాయ దాటాక కెరటాలతో పాటు ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవారు తాడో, ఖాళీ డబ్బానో, ట్యూబో విసరాలి. ఒట్టి చేతులతో వెంట దూకరాదు. ఒకరి కోసం దిగి మరొకరు పోయిన సంఘటనలు తక్కువేమీ కాదు.

ఈ ప్రమాదానికి రేవుకు ఒక సంబంధం ఉంది. తూర్పు తీరంలో ఇసుక నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. బయటి రేవు కోసం సముద్రంలోకి కట్టిన రాతిగోడలు ఆ కదలికను అడ్డగిస్తాయి. గోడలకు ఉత్తరాన ఉన్న ఆర్.కె. బీచ్‌కు చేరవలసిన ఇసుక చేరక తీరం కోతకు గురవుతోంది. రేవు యాజమాన్యం డ్రెడ్జర్లతో ఇసుక తోడి బీచ్‌కు పోస్తూ వస్తోంది. అయినా ప్రతి వానకాలానికీ ఒడ్డు ఆకారం మారుతూనే ఉంటుంది. నిరుడు క్షేమంగా దిగిన చోటు ఈ ఏడు అలాగే ఉంటుందన్న భరోసా లేదు.

కొంత ఏర్పాటు ఉన్న తీరం రుషికొండ. 2020 అక్టోబరులో దేశంలో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన తొలి ఎనిమిది బీచ్‌లలో అది ఒకటి. నీటి నాణ్యత, పారిశుద్ధ్యం, స్నానానికి హద్దులు గీసిన ప్రాంతం, జీవరక్షకుల వంటి 33 ప్రమాణాలు పాటిస్తేనే డెన్మార్క్‌లోని సంస్థ ఆ గుర్తింపు ఇస్తుంది. 2025 తొలి నెలల్లో నిర్వహణ లోపాలపై ఆ గుర్తింపును తాత్కాలికంగా వెనక్కి తీసుకుని, సరిదిద్దాక పునరుద్ధరించారు. జెండా ఎగరడం మాని మళ్ళీ ఎగిరిన ఆ కొద్ది వారాల్లో జరిగిన శుభ్రత, అంతకు ముందు కొన్ని నెలల్లో కూడా జరగలేదన్న విమర్శ వినిపించింది. యారాడ అందమైన తీరమే అయినా స్నానానికి తగినది కాదు. డాల్ఫిన్స్ నోస్ కొండను దాటి వెళ్ళే ఆ దారే ఒక విందు. అక్కడి ఒడ్డున కూర్చుని తిరిగిరావడం వివేకం.

కొత్త ఆకర్షణల మీద మోజు కూడా కొన్నిసార్లు భద్రత కన్నా ముందు నడుస్తుంది. 2024 ఫిబ్రవరి 25న ఆర్.కె. బీచ్‌లో తేలియాడే వంతెనను ప్రారంభించారు. మరుసటి రోజే దాని చివరి భాగం విడిపోయి సముద్రంలోకి కొట్టుకుపోయింది. పర్యాటకులు దాని మీద లేకపోవడం అదృష్టం. అంతకు ముందు 2020 అక్టోబరులో ‘మా’ అనే బంగ్లాదేశ్ సరుకు నౌక గాలివానకు కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు వద్ద ఒడ్డున చిక్కుకుంది. నగరం దానిని కూడా చూడదగిన వస్తువుల జాబితాలో చేర్చి, సెల్ఫీలకు బారులు తీరింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖనే తాకింది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, బీచ్ రోడ్డు ఛిద్రమైంది, కైలాసగిరి మీది చెట్లు నేలకొరిగాయి. రేడియో శ్రోతలకు చిరపరిచితమైన ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ వంటి ప్రకటనలు నిజానికి ఓడల కోసం ఉద్దేశించినవి. ఒకటి, రెండు నంబర్లు దూరాన వాయుగుండమో తుపానో ఉందని చెబుతాయి. మూడు, నాలుగు రేవుకే ఈదురుగాలుల ముప్పు ఉందని తెలుపుతాయి. ఐదు నుంచి ఏడు ప్రమాదాన్ని, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదాన్ని సూచిస్తాయి. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. విశాఖ రేవులో మూడో నంబరు ఎగిరిన రోజున సముద్ర స్నానం ఊసెత్తకపోవడం మంచిది. ఎండ కాస్తూ, గాలి లేని రోజుల్లో కూడా వేల మైళ్ళ దూరంలో పుట్టిన పెద్ద అలలు ఉన్నట్టుండి ఒడ్డుకు రావచ్చు. వాటి సమాచారాన్ని హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, ప్రకటిస్తుంది.

కర్మాగారాల నీడలో

విశాఖ పారిశ్రామిక నగరం కూడా. 1997 సెప్టెంబరు 14న చమురు శుద్ధి కర్మాగారంలో వంటగ్యాస్ నిల్వల వద్ద జరిగిన పేలుళ్ళలో పదుల సంఖ్యలో మరణించారు. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది ఆగస్టులో బేరూత్ రేవులో అమ్మోనియం నైట్రేట్ పేలినప్పుడు, ఆ రసాయనం దిగుమతి అయ్యే ముఖ్యమైన భారతీయ రేవు విశాఖే కావడంతో ఇక్కడి నిల్వలను అధికారులు తనిఖీ చేశారు. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలు రేగి పదుల సంఖ్యలో మరపడవలు కాలిపోయాయి. బీచ్ మీద తిరిగేవారికి ఇవి నేరుగా తగిలే ప్రమాదాలు కాకపోయినా, ఉక్కునగరంలో సైరన్ మోతలకు అలవాటుపడిన కుటుంబాలకు వీటి స్వభావం విడమరచి చెప్పనక్కరలేదు.

భక్తుల రద్దీ మరొక సమస్య. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం రోజున, వర్షంలో కొత్తగా కట్టిన గోడ కూలి క్యూలో ఉన్న ఏడుగురు మరణించారు. నిజరూప దర్శనానికి ఏడాదిలో ఒక్కరోజే అవకాశం కనుక ఆనాడు వచ్చే జనాన్ని తగ్గించడం ఎవరి చేతిలోనూ లేదు. వృద్ధులతో, చంటిపిల్లలతో దూరం నుంచి వచ్చేవారు మరో రోజు వెళ్ళడం మేలని దేవస్థానం ఎరిగినవారు సూచిస్తారు.

విశాఖలో ఏ ఆపదలోనైనా 112కు ఫోన్ చేయవచ్చు. సముద్రంలో ఎవరైనా చిక్కుకుంటే తీర రక్షక దళం సహాయ నంబరు 1554. అనుమానాస్పదమైన పడవ గానీ, కొట్టుకొచ్చిన పెట్టె గానీ కనిపిస్తే మెరైన్ పోలీసుల నంబరు 1093. అటువంటి పెట్టెను తాకకూడదు. రైలులో ఇబ్బంది కలిగితే 139. కురుసుర ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. యారాడ నుంచి చీకటి పడకముందే తిరుగు ప్రయాణం కట్టాలి. జీవరక్షకులు లేని చోట, ముఖ్యంగా వారు వెళ్ళిపోయిన సాయంకాలం వేళ, మోకాళ్ళు దాటి నీటిలోకి దిగకూడదు.